వంద రోజుల గది

మూలుగ బొక్క అంటే తెలియని ఇల్లు గోదావరిఖనిలో ఉండదు. ఆదివారం మటన్ కూరలో పిల్లలు కొట్లాడుకునేది దానికోసమే. ఆ మూలుగనే డాక్టర్లు ఎముక మజ్జ అంటారు. మన ఒంట్లో రక్తం తయారయ్యే కార్ఖానా అది. ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు అన్నీ అక్కడినుంచే బయల్దేరతాయి. ఆ కార్ఖానాలో పని ఆగిపోతే అప్లాస్టిక్ ఎనీమియా. పనికిరాని కణాలు కుప్పలుతెప్పలుగా తయారైతే లుకేమియా. ఎర్రకణం పుట్టుకతోనే బలహీనమైతే తలసీమియా, కొడవలిలా వంగిపోతే సికిల్‌సెల్. ఇలాంటి జబ్బులున్న వాళ్లలో కొందరికి డాక్టర్లు చూపించే దారి ఒకటుంది. పాత మజ్జను మందులతో తుడిచిపెట్టేసి, సరిపోయిన మనిషి నుంచి తీసిన మజ్జను నాటడం.

మార్పిడి అనగానే మనకు ఆపరేషన్ థియేటర్, ఎర్రలైటు, బయట బెంచీ మీద చుట్టాలు గుర్తొస్తారు. రోగి వరకూ చూస్తే అక్కడ కత్తీ లేదు, కుట్టూ లేదు. రక్తం ఎక్కించినట్టే సంచిలోంచి గొట్టం ద్వారా నరంలోకి ఎక్కిస్తారు. కొన్ని గంటల పని. ఆసుపత్రి భాషలో ఆ రోజు పేరు ‘సున్నా రోజు’. ఇంట్లోవాళ్లు ‘అయిపోయింది’ అని ఊళ్లోకి ఫోన్లు చేస్తారు. నిజానికి అయిపోయిందేమీ లేదు. లెక్క సున్నా దగ్గరే మొదలవుతుంది!

ఆ లెక్క గోదావరిఖనిలో నడవదు. హైదరాబాద్ రెండొందల కిలోమీటర్ల పైమాట. కరీంనగర్, సిద్దిపేట దాటుకుంటూ రాజీవ్ రహదారి మీద వెళ్లాలి. అక్కడ నిమ్స్‌లోనూ, మరికొన్ని పెద్దాసుపత్రుల్లోనూ ఈ చికిత్స ఉంది. వెల్లూరు దారి పట్టేవాళ్లూ ఉన్నారు. మన దేశంలో మజ్జ మార్పిడి మొదలైంది 1983లో, ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో. వెల్లూరు సీఎంసీలో 1986 నుంచి చేస్తున్నారు. ఎటు వెళ్లినా ఇల్లు వదలాల్సిందే. ఎన్నాళ్లు? ‘ఆపరేషన్ కదా, పదిహేను రోజులు’ అనుకుని రెండు జతల బట్టలతో బయల్దేరే ఇంటికి అసలు జవాబు ముందే తెలియాలి. దగ్గర దగ్గర నాలుగైదు నెలలు. అందులో ఆసుపత్రి మంచం మీద గడిచేది నెలా నెలన్నర. మిగతాదంతా ఆసుపత్రికి దగ్గర్లో ఓ అద్దె గదిలో.

సున్నా నుంచి వంద

మొదటి రెండు నుంచి నాలుగు వారాలు ఎదురుచూపే. పాత మజ్జ పోయింది, కొత్తది ఇంకా వేరు పట్టలేదు. ఒంట్లో తెల్లకణాలు దాదాపు ఉండవు. నోరంతా పూసి గుక్కెడు నీళ్లు మింగడానికే ప్రాణం మీదికొస్తుంది. జుట్టూ రాలిపోతుంది. గాలిని వడకట్టి లోపలికి పంపే గదిలో రోగిని ఒంటరిగా ఉంచుతారు. రోజూ పొద్దున రక్తపరీక్ష. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల సంఖ్య 500 దాటి నిలబడిన రోజున నర్సులు కూడా నవ్వుతూ లోపలికొస్తారు. కొత్త మజ్జ నాటుకుందన్నమాట.

అప్పుడు డిశ్చార్జి చేస్తారు. ఇంటికి కాదు, గదికి.

ఎందుకంటే తెల్లకణాల సంఖ్య పెరిగినంత మాత్రాన వాటికి పని వచ్చేసినట్టు కాదు. కొత్తగా చేరిన కుర్రాళ్ల చేతికి తట్టా పారా ఇచ్చినంతలో బొగ్గు బయటికి రాదు కదా! రోగనిరోధక శక్తి ఓ దారికి రావడానికి ఏడాది, రెండేళ్లు పడుతుంది. అందులో మొదటి వంద రోజులు గండం. జ్వరం 100.4 డిగ్రీలు తాకితే అది అర్ధరాత్రైనా సరే, క్రోసిన్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోకూడదు. వెంటనే ఆసుపత్రికి చేరాలి. గోదావరిఖని నుంచి బయల్దేరితే హైదరాబాద్ చేరేసరికి నాలుగైదు గంటలు. ఈ జ్వరానికి అన్ని గంటల ఓపిక ఉండదు. గది దగ్గర్లో ఉండాలనడానికి మొదటి కారణం ఇది.

రెండోది ఇంకా చిత్రమైంది. మామూలుగా కిడ్నీ మార్చినప్పుడు మన ఒళ్లు కొత్త కిడ్నీని పరాయిదని తరిమేయాలని చూస్తుంది. ఇక్కడ తిరకాసు. కొత్తగా వచ్చిన మజ్జలోంచి పుట్టిన తెల్లకణాలే, తాము చేరిన ఒంటిని పరాయిదనుకుని దాని మీద పడతాయి. అరచేతులు, అరికాళ్లలో ఎర్రటి దద్దు, ఆగని విరేచనాలు, కళ్లలో పసుపు... ఇవి దాని గుర్తులు. దాన్ని అదుపులో పెట్టడానికి సైక్లోస్పోరిన్ లాంటి మందులు నెలల తరబడి వాడాలి. డోసు తగ్గితే దద్దు, పెరిగితే కిడ్నీలకు దెబ్బ. అందుకే వారానికి రెండు మూడుసార్లు రక్తపరీక్ష. మందు మోతాదు చూసే రోజున పొద్దుటి మాత్రను రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. ముందే వేసుకుంటే ఆ పరీక్ష దండగ. పంపరపనస తినకూడదు, ఆ మందును రక్తంలో పెంచేస్తుంది. ప్లేట్‌లెట్లు పెరుగుతాయని చుట్టాలు పంపే బొప్పాయి ఆకు రసం, నాటుమందులు కూడా డాక్టర్ని అడక్కుండా నోట్లో పోయకూడదు.

ఇక్కడ మనవాడు ఒకడిని తలుచుకోవాలి. కొత్త మజ్జ ఒంటి మీద తిరగబడకుండా సున్నా రోజు తర్వాత ఒకటి, మూడు, ఆరు, పదకొండో రోజుల్లో చాలాచోట్ల చిన్న మోతాదులో ఓ పసుపురంగు మందు ఎక్కిస్తారు. దాని పేరు మెథోట్రెక్సేట్. అమెరికాలోని లెడర్లీ కంపెనీ ప్రయోగశాలలో ఆ కుటుంబం మందులు తయారైంది యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో. 1895లో భీమవరంలో పుట్టి, 1922లో అమెరికా వెళ్లి, మళ్లీ సొంతూరి ముఖం చూడకుండానే 1948లో న్యూయార్క్‌లో కన్నుమూసిన మనిషి. ఆయన బృందం ఇచ్చిన అమినోప్టెరిన్‌తోనే బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ లుకేమియా పిల్లలకు మొదటిసారి కొన్నాళ్లైనా ఊపిరి పోయగలిగాడు. ఆ ఫలితాలు అచ్చయిందీ 1948లోనే. వార్డులో ఆ సంచి వేలాడుతున్నప్పుడు మంచం పక్కన కూర్చున్న తెలుగు తల్లికి ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుంటుంది.

ఊరుకాని ఊళ్లో ఇలా కోలుకోవడం మనతో మొదలైంది కాదు. 1958 అక్టోబరులో యుగోస్లావియాలో బెల్‌గ్రేడ్ దగ్గరున్న విన్చా అణు రియాక్టర్‌లో ప్రమాదం జరిగి ఆరుగురు రేడియేషన్ బారిన పడ్డారు. వాళ్లను పారిస్‌కు విమానంలో తీసుకెళ్లారు. అక్కడ జార్జ్ మాతే అనే డాక్టరు అయిదుగురికి మజ్జ ఎక్కించాడు. ఇచ్చినవాళ్లు అన్నదమ్ములు కారు, ముఖపరిచయం కూడా లేని ఫ్రెంచివాళ్లు. ఒకరు చనిపోయారు. మిగతావాళ్లు నెలల తర్వాత సొంత దేశానికి తిరిగెళ్లారు. వాళ్లలో ఒకామె తర్వాత బిడ్డను కన్నది కూడా. ఆ మజ్జ నిజంగా నిలిచిందా, వాళ్ల సొంతదే తేరుకుందా అన్న చర్చ ఉండనే ఉంది. అంతకు రెండేళ్ల ముందే, 1956లో, అమెరికాలో డొనాల్ థామస్ కవలల మధ్య మార్పిడి చేసి చూశాడు. ఆ దారిలో నడిచినందుకే ఆయనకు 1990లో నోబెల్ వచ్చింది.

ఎవరుండాలి?

గోదావరిఖనిలో ఓ ఇల్లు అనుకుందాం. తండ్రి భూగర్భ గనిలో కార్మికుడు. తల్లి గృహిణి. పన్నెండేళ్ల పిల్లాడికి మార్పిడి. పదో తరగతి చదువుతున్న అక్క. ముసలి నాయనమ్మ. ఇలాంటి ఇంటికి మజ్జ దొరకడం మొదటి పరీక్ష. ఒకే అమ్మానాన్నలకు పుట్టిన తోబుట్టువు పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇద్దరు తోబుట్టువులుంటే ఎవరో ఒకరు కుదిరే అవకాశం 44 శాతం, ముగ్గురుంటే 58. ఆరేడుగురు పిల్లలున్న పాతకాలపు కాలనీ ఇళ్లకు ఈ ఒక్క లెక్కలో మాత్రం కలిసొచ్చేది! తోబుట్టువులు కుదరకపోతే సగం సరిపోయే తల్లిదో తండ్రిదో మజ్జతో చేసే పద్ధతి ఇప్పుడుంది.

మన ఇంట్లో అక్క కుదిరిందనుకుందాం. ఆమెకు మత్తు ఇచ్చి తుంటి ఎముకలోంచి మజ్జ తీస్తారు. కొద్దిరోజులు నడుము నొప్పి. తీసినంతా కొన్ని వారాల్లో మళ్లీ తయారవుతుంది. పరీక్షల ముందు ఈ పని పెట్టుకోవాలా అన్న సందేహం మాత్రం ఇంటిల్లిపాదికీ ఉంటుంది.

ఇక గదిలో పిల్లాడితో ఎవరుండాలి? బొగ్గుబాయి భాషలో హాజరుకు మస్టర్ అని పేరు, గైర్హాజరుకు నాగా. 1952 నాటి గనుల చట్టం అమల్లో ఉన్నన్నాళ్లూ ఏడాదిలో భూగర్భంలో పనిచేసేవాడికి 190, మిగతావాళ్లకు 240 హాజర్లు ఉంటేనే జీతంతో వార్షిక సెలవు దక్కేది. వంద రోజులంటే ఆదివారాలు తీసేసినా 85 మస్టర్లు. అంతకుముందు పరీక్షలకు, రక్తం ఎక్కించడానికి తిరిగిన నాగాలు వేరే. అందుకే చాలా ఇళ్లలో తల్లి వెళుతుంది, తండ్రి డ్యూటీ చేస్తాడు. సంసారం రెండు ముక్కలవుతుంది. రెండు వంటలు, రెండు అద్దెలు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు టికెట్ లేకపోవడం తల్లి రాకపోకలకు కొంత ఆసరా. పిల్లాడిని మాత్రం ఆ రద్దీ బస్సు ఎక్కించకూడదు.

ఓ చిక్కు బయటివాళ్లకు తట్టదు. భూగర్భ గనిలోకి సెల్‌ఫోన్ తీసుకెళ్లడానికి వీల్లేదు. రాత్రి షిఫ్టుకు దిగిన మనిషి పైకొచ్చేదాకా ఎవరికీ దొరకడు. హైదరాబాద్ గదిలో పిల్లాడికి ఒంటిగంటకు జ్వరం వస్తే తల్లి ఫోను ఇక్కడ ఖాళీ ఇంట్లో మోగుతుంది. గని ఆఫీసు నంబరు, షిఫ్టులో ఉండే ఆఫీసరు నంబరు ఓ కాగితం మీద రాసి గది గోడకు అంటించుకోవాలి. పక్కనే ఆటో నంబరొకటి. నన్నడిగితే గదిలోకి గ్యాస్ పొయ్యి కంటే ముందు రావాల్సింది ఈ కాగితమే.

భాష రాని చోట తల్లి పని ఇంకా కష్టం. వెల్లూరు వైద్యులతో ఎలాగో నెట్టుకురావచ్చు, రాత్రిపూట మందుల దుకాణంతో, ఆటోవాడితోనే ఇబ్బంది. అప్పటిదాకా కరీంనగర్ దాటని మనిషి నెల తిరిగేసరికి రక్తపరీక్ష కాగితం చూసి న్యూట్రోఫిల్స్, క్రియాటినిన్ అంకెలు చెప్పేస్తుంది. ఏ డిప్లొమా కోర్సూ ఇంత తొందరగా నేర్పదు.

గది ఎలా ఉండాలి? గాలీ వెలుతురూ ఉండాలి. గోడకు చెమ్మ ఉండకూడదు. పక్కన ఇల్లు కడుతుంటే ఆ గది వద్దు. బాత్రూమ్ మరొకరితో పంచుకునేది కాకూడదు. వండిన పూటే వేడిగా తినాలి. కాచిన నీళ్లు తాగాలి. పచ్చికూరలు, కోసి అమ్మే పండ్లు, బండి మీది తిండి కొన్నాళ్లు బంద్. పచ్చళ్లు, పెరుగు సంగతి ఆసుపత్రిని బట్టి మారుతుంది కాబట్టి అడిగే తినాలి. ఇవన్నీ చేసే వీలున్న గది నగరంలో ఎంతకు దొరుకుతుంది? చికిత్స ఖర్చు అనగానే మనం ఆసుపత్రి బిల్లు గురించే మాట్లాడుకుంటాం. రిఫరల్ దొరికిందా, ఆరోగ్యశ్రీలో వస్తుందా, సాయం అందిందా అని అడుగుతాం. గదికి ఎంతవుతుందని ఎవరూ అడగరు. అద్దె భారమై అరవయ్యో రోజున పిల్లాడిని ఇంటికి తెచ్చేసుకుంటే అంతకుముందు పెట్టిన లక్షలు, పడిన బాధ అంతా జ్వరం ముందు నిలబెట్టినట్టే. గది కూడా మందే. దాన్ని చికిత్స లెక్కలోనే వేయాలి.

బొగ్గు సొమ్ముతో మజ్జ మార్పిడికి సాయం చేసే పథకం ఒకటుంది. సింగరేణిది కాదు, కోల్ ఇండియాది. 2017లో మొదలైన తలసీమియా బాల సేవా యోజన కింద అర్హులైన పిల్లల మార్పిడికి 10 లక్షల రూపాయల వరకూ ఇస్తారు. తర్వాత అప్లాస్టిక్ ఎనీమియానూ చేర్చారు. గని ఉద్యోగుల పిల్లలకే కాదు, ఆదాయ పరిమితికి లోబడిన ఏ ఇంటికైనా వర్తిస్తుంది. వెల్లూరు సీఎంసీ ఆ ఆసుపత్రుల్లో ఒకటి. బస విషయంలో దారి చూపినవాళ్లూ ఉన్నారు. 1974లో ఫిలడెల్ఫియాలో, లుకేమియా వచ్చిన ఓ పాప తండ్రి చొరవతో, దూరం నుంచి వచ్చే పిల్లల కుటుంబాల కోసం రొనాల్డ్ మెక్‌డొనాల్డ్ హౌస్ పుట్టింది. మన దగ్గర 2006లో ముంబయిలో మొదలైన సెయింట్ జూడ్ సంస్థ క్యాన్సర్ పిల్లలకు, తల్లిదండ్రులకు ఉచితంగా బస ఇస్తోంది. హైదరాబాద్‌లోనూ వాళ్ల కేంద్రాలున్నాయి. చేరాల్సింది ఆసుపత్రి ద్వారానే. అందుకే మార్పిడి తేదీ ఖాయం కాకముందే ఆసుపత్రిలోని సోషల్ వర్కర్‌ను అడగాలి. క్యాన్సర్ రోగి చికిత్సకు వెళ్లొచ్చే రైలు టికెట్ స్లీపర్, థర్డ్ ఏసీల్లో ఉచితం, తోడు వెళ్లేవాళ్లకు 75 శాతం రాయితీ. డాక్టరు రాసిచ్చే సర్టిఫికెట్ ఉండాలి.

ఇంటికొచ్చాక

వంద దాటింది. రక్తపరీక్షలు బాగున్నాయి. పిల్లాడు ఇంటికొచ్చాడు. కాలనీ సంగతి తెలిసిందే కదా... ఒకరింట్లో కష్టమొస్తే లైనంతా కదులుతుంది. యాపిల్ పండ్లు, బ్రెడ్డు, హార్లిక్స్ సీసాలతో రోజుకు పదిమంది. రావద్దంటే నొచ్చుకుంటారు. వచ్చినవాళ్లలో ఒకరికి జలుబున్నా పిల్లాడు మళ్లీ ఆసుపత్రికే. కాబట్టి తల్లి నోటితో చెప్పించకుండా నాయనమ్మ గడప దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవడం మేలు. పెద్దావిడ మాట మీద ఎవరికీ కోపం రాదు!

ఇక దుమ్ము. ఓపెన్‌కాస్టుల దుమ్ము, మట్టి కుప్పలు, లారీల రోడ్లు, బూడిద. బొగ్గు పొడి ఊపిరితిత్తులకు చెడుపన్నది పాత మాట. ఇక్కడ భయం వేరు. తవ్విన మట్టిలో, కుళ్లిన ఆకుల్లో, కూల్చిన గోడల దుమ్ములో ఆస్పర్జిల్లస్ అనే బూజు విత్తులుంటాయి. మనం రోజూ పీలుస్తాం, మనకేమీ కాదు. మార్పిడి జరిగిన వాళ్లకు అవే ఊపిరితిత్తుల్లో మొలకెత్తుతాయి. ఇంటికి సున్నం వేయించి, గచ్చు బాగుచేయించి పిల్లాడికి స్వాగతం చెబుదామనుకునే తండ్రి ఆ పనులు పిల్లాడు రాకముందే ముగించాలి. పెరట్లో మట్టి పని వద్దు. కోళ్లగూడు దూరంగా పెట్టాలి.

వేసవిలో 45 డిగ్రీలు దాటే ఊరిది. ప్రతి ఇంటి కిటికీకీ కూలర్ ఉంటుంది. రోజుల తరబడి నిలవున్న నీళ్లు, నానిన గడ్డి, దాని మీదుగా వచ్చే గాలి... అడక్కుండా వాడకూడనిది అదే. ఎండలో తిరగడమూ కుదరదు. ఎండ తగిలితే ఆ దద్దు మళ్లీ లేవొచ్చు. నీళ్లు తక్కువ తాగితే కిడ్నీల మీద భారం.

టీకాల ముచ్చట వింటే నవ్వొస్తుంది. పాత మజ్జతో పాటు చిన్నప్పుడు వేయించిన టీకాల జ్ఞాపకమూ చాలావరకు తుడిచిపెట్టుకుపోతుంది. ఆరు నెలలు, ఏడాది మధ్యలో పసిబిడ్డకు వేసినట్టు మళ్లీ మొదటి నుంచి వేయాలి. నలభై ఏళ్ల మనిషైనా ఇంతే. తట్టు లాంటి బతికున్న క్రిములతో చేసే టీకాలైతే రెండేళ్లు దాటాక, అదీ డాక్టరు సరేనన్నాకే. ఇంట్లో పోలియో చుక్కలు వేయాల్సిన చంటిబిడ్డ ఉంటే ఆ సంగతీ ముందే చెప్పాలి. చుక్కల బదులు ఇంజెక్షన్ టీకా ఉంది.

రెండేళ్లంటే మేడారం జాతరకూ జాతరకూ మధ్య ఉండే కాలమే. పిల్లాడు బతికి బట్టకడితే నిలువెత్తు బంగారం ఇస్తామని మొక్కుకోని తల్లి ఈ బొగ్గు నేలమీద ఉండదు. బెల్లం పెద్దవాళ్లు వెళ్లి సమర్పించి రావచ్చు. ఆ దుమ్ములోకి, ఆ జనంలోకి పిల్లాడు ఈసారికి వద్దు.

చివరగా ఓ చిన్న పని. అక్కది ఓ పాజిటివ్, తమ్ముడిది బీ పాజిటివ్ అనుకోండి. కొన్ని నెలలకు తమ్ముడి రక్తమూ ఓ పాజిటివ్ అవుతుంది. బడి ఐడీ కార్డు మీదున్న పాత గ్రూపు కొట్టేయించాలి. పెద్దవాళ్లయితే డ్రైవింగ్ లైసెన్సు, గని గుర్తింపు కార్డు కూడా చూసుకోవాలి. ఊళ్లో ఎప్పుడైనా రక్తం ఎక్కించాల్సి వస్తే రేడియేషన్ ఇచ్చి శుద్ధి చేసిన రక్తమే కావాలన్న మాట, మార్పిడి చేసిన ఆసుపత్రి ఫోన్ నంబరు ఓ చీటీ మీద రాసి ఆ కార్డు వెనకాలే పెట్టుకోవాలి.